తల్పియోట్ సమాధి: పది రాతిపెట్టెలు, ఆరు పేర్లు

2007 ఫిబ్రవరి 26న న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో విలేకరుల ముందు రెండు సున్నపురాతి పెట్టెలు పెట్టారు. పక్కన 'టైటానిక్' దర్శకుడు జేమ్స్ కామెరాన్, కెనడాకు చెందిన డాక్యుమెంటరీ దర్శకుడు సిమ్హా జాకోబోవిచ్ ఉన్నారు. ఒక పెట్టెలో ఒకప్పుడు నజరేతు యేసు ఎముకలు, రెండోదానిలో మగ్దలేనే మరియ ఎముకలు ఉండేవని వాళ్ల వాదన. వారం తిరక్కుండానే, మార్చి 4న, 'ద లాస్ట్ టూంబ్ ఆఫ్ జీసస్' డిస్కవరీ చానల్‌లో ప్రసారమైంది. ఈస్టర్‌కు ఇంకా ఐదు వారాలుంది. ప్రపంచమంతా క్రైస్తవులు శ్రమదినాలు పాటిస్తున్న సమయమది.

యేసు మూడో రోజున సమాధిలోంచి లేచాడన్నది క్రైస్తవ విశ్వాసానికి మూలం. ఎముకలు దొరికాయంటే ఆ మూలమే కదిలిపోతుంది. అందుకే చర్చ మొదలైన మరుక్షణమే విశ్వాసులు ఒకవైపు, శాస్త్రం ఒకవైపు అన్నట్టు పత్రికలు చిత్రించాయి. నిజానికి ఆ డాక్యుమెంటరీని అందరికంటే గట్టిగా ఖండించింది పాస్టర్లు కాదు. ఆ సమాధిని స్వయంగా చూసిన, దాని నివేదిక రాసిన ఇజ్రాయెలీ పురావస్తు శాస్త్రవేత్తలు. పునరుత్థానం జరిగిందా లేదా అన్న ప్రశ్నతో వాళ్లకు పని లేదు. ఈ కథను అక్కణ్నుంచి చెప్పుకొస్తేనే న్యాయంగా ఉంటుంది.

1980 మార్చి నెలాఖరు. జెరూసలేం పాతనగరానికి దక్షిణాన తూర్పు తల్పియోట్‌లో అపార్టుమెంట్లు కడుతున్నారు. పునాదుల కోసం కొండరాయిని మందుగుండుతో పేలుస్తుంటే ఒక సమాధి ముఖద్వారం బయటపడింది. ద్వారం పైన రాతిలో చెక్కిన కోణాకారపు గీత, దాని కింద ఒక వలయం. పురావస్తు శాఖ తరఫున యోసెఫ్ గాత్ వెంటనే దిగాడు. కట్టడం ఆగదు కాబట్టి ఉన్నదంతా త్వరగా నమోదు చేసి బయటికి తీయాలి. సమాధి పటం గీసిన కుర్రవాడు షిమోన్ గిబ్సన్. జెరూసలేం జిల్లా పురావస్తు అధికారిగా ఉన్న ఆమోస్ క్లోనర్ కూడా అక్కడికి వచ్చాడు. లోపల గోడల్లోకి తొలిచిన ఆరు పొడవాటి అరలు, దేహాన్ని పడుకోబెట్టే రెండు అరుగులు కనిపించాయి. అరల్లో పది అస్థిపేటికలు దొరికాయి. నేలమీద, మట్టిలో, మూడు పుర్రెలు ఉన్నాయి.

ఈ పేటికల సంగతి కొంత చెప్పాలి. క్రీస్తుపూర్వం 20 ప్రాంతం నుంచి క్రీస్తుశకం 70లో రోమన్లు జెరూసలేంను నాశనం చేసేదాకా, ఆ నగరంలోని యూదు కుటుంబాల్లో ఒక ఆచారం ఉండేది. మరణించినవారిని ముందు కుటుంబ సమాధి గదిలో అరుగు మీద పడుకోబెట్టేవాళ్లు. ఏడాది గడిచి మాంసం కరిగిపోయాక ఎముకలు ఏరి, తొడ ఎముక పట్టేంత పొడవున్న రాతిపెట్టెలో పెట్టేవాళ్లు. ఒక్కో పెట్టెలో ఒకరివే కాదు, ఇద్దరు ముగ్గురివి కూడా కలిసి ఉండేవి. కొన్ని పెట్టెల మీద లోపల ఉన్నవాళ్ల పేరు గీకేవాళ్లు. ఆ రాత చెక్కిన శిల్పిది కాదు, ఇంట్లోవాళ్లు గుర్తు కోసం మేకుతోనో ఉలితోనో గీసుకున్నది. ఎల్.వై. రహమాని 1994లో ప్రచురించిన జాబితాలో పేరున్నవీ లేనివీ కలిపి ఇలాంటి పేటికలు 897 ఉన్నాయి.

తల్పియోట్ పెట్టెలు పదింటిలో ఆరింటి మీద పేర్లున్నాయి. "యేసు, యోసేపు కుమారుడు." "మరియ." "యోసే." "మత్తయి." "యూదా, యేసు కుమారుడు." ఆరోది ఒక్కటే గ్రీకు లిపిలో ఉంది. దాన్ని రహమాని "మరియమెనె అనబడే మార" అని చదివాడు. ఇప్పుడు ఈ పేర్లను సువార్తలు చదివిన మనిషి ముందు పెట్టండి. యేసు, ఆయన తండ్రి యోసేపు, తల్లి మరియ. మార్కు సువార్త ఆరో అధ్యాయంలో యేసు సోదరుల పేర్లు యాకోబు, యోసే, యూదా, సీమోను. గుండె ఒక్కసారి ఝల్లుమంటుంది. ఆ ఝల్లుమనడాన్ని నేను తప్పు పట్టను. సమాధి తవ్వినవాళ్లకు కూడా ఆ పేర్లు వినిపించే ఉంటాయి.

మరి వాళ్లెందుకు గొంతెత్తలేదు? పదహారేళ్లు ఏదో దాచారన్నది సినిమా సూచన. అసలు కారణం చాలా మామూలుది. ఆ పేర్లు వాళ్లకు కొత్త కావు. 1931లోనే ఎలియాజర్ సుకేనిక్ "యేసు, యోసేపు కుమారుడు" అని రాసి ఉన్న మరో పేటికను ప్రకటించాడు. అప్పుడూ యూరప్ పత్రికలు ఊగిపోయాయి. ఆ పేర్లు అప్పటి యూదయలో ఇంటింటా ఉండేవే అని పండితులు తేల్చాక ఆ సందడి సద్దుమణిగింది. తల్పియోట్ సమాధిని తవ్విన గాత్ పూర్తి నివేదిక రాయకుండానే కన్నుమూశాడు. క్లోనర్ ఆ పని తన మీద వేసుకుని 1996లో పురావస్తు శాఖ పత్రిక 'అతికోత్'లో ప్రచురించాడు. అదే ఏడాది ఈస్టర్ సమయంలో బీబీసీ ఈ సమాధి మీద ఒక కార్యక్రమం ప్రసారం చేసింది. కొన్నాళ్లు గొడవ జరిగింది, తర్వాత మళ్లీ చల్లారింది. అంటే 2007లో జాకోబోవిచ్ కొత్తగా కనిపెట్టినది సమాధిని కాదు, పేర్లనూ కాదు. ఆయన కొత్తగా తెచ్చినవి మూడు: ఒక డీఎన్ఏ పరీక్ష, ఒక గణాంకం, మగ్దలేనే మరియను గుర్తించానన్న మాట. సినిమా మొత్తం ఈ మూడింటి మీదే నిలబడింది.

ముందు డీఎన్ఏ. ఎముకలు అప్పటికి లేవు. ఇజ్రాయెల్‌లో మతపెద్దల పట్టుదల మేరకు తవ్వకాల్లో దొరికిన యూదుల అస్థికలను తిరిగి పూడ్చిపెడతారు. తల్పియోట్ ఎముకలు కూడా అలాగే మట్టిలోకి వెళ్లిపోయాయి. పెట్టెల అడుగున అంటుకున్న పొడిని గీకి, కెనడాలోని లేక్‌హెడ్ విశ్వవిద్యాలయానికి పంపారు. "యేసు" పెట్టెలో పొడికీ, "మరియమెనె" పెట్టెలో పొడికీ మాతృవంశపు డీఎన్ఏ కలవలేదని తేలింది. అంతే. ఒకే తల్లి సంతానం కాదు, తల్లీబిడ్డలు కారు అని మాత్రమే అది చెబుతుంది. తండ్రి తోబుట్టువు కావచ్చు, మరో తల్లికి పుట్టిన చెల్లెలు కావచ్చు, కోడలు కావచ్చు, వదిన కావచ్చు. సినిమా మాత్రం, రక్తసంబంధం లేకపోతే భార్యాభర్తలే అయి ఉంటారన్న చోటికి దూకింది. పక్కనే "యూదా, యేసు కుమారుడు" అన్న పెట్టె ఉంది. ఆ యూదా ఈ స్త్రీ కొడుకా కాదా అని పరీక్షించలేదు. "మరియ" పెట్టెనూ ముట్టుకోలేదు. ఆ సమాధిలో దాదాపు 35 మంది అస్థికలు ఉండి ఉంటాయని క్లోనర్ అంచనా. అందులో ఇద్దరి పొడి తీసి పెళ్లి జరిపించడం నాకు చాలా బాధ కలిగించిన విషయం. తప్పు పరీక్ష చేసిన ప్రయోగశాలది కాదు. దాని ఫలితానికి లేని అర్థం కట్టినవాళ్లది.

ఇక మగ్దలేనే మరియ. పెట్టె మీది "మరియమెనె" అన్న రూపం ఎక్కడైనా మగ్దలేనేకు వాడారా అని వెతికితే, 'ఫిలిప్పు కార్యములు' అనే గ్రంథంలో మరియమ్నె అనే స్త్రీ కనిపిస్తుంది. అది సువార్తలకు ఎన్నో తరాల తర్వాత రాసిన పుస్తకం. సినిమాకు ఆధారమైన చేతిప్రతి ఆథోస్ పర్వతం మఠంలో దొరికిన 14వ శతాబ్దపుది. ఆ ప్రతి మీద పనిచేసిన హార్వర్డ్ పండితుడు ఫ్రాన్స్వా బోవోన్ సినిమాలో కనిపిస్తాడు. ప్రసారమయ్యాక ఆయన తన మాట చరిత్రలోని మగ్దలేనే గురించి కాదనీ, ఆ గ్రంథంలోని పాత్ర గురించేననీ ప్రకటించాడు. తర్వాత జెరూసలేంలో ఉండే స్టీఫెన్ ఫాన్ ఆ గ్రీకు గీతలను మళ్లీ పరిశీలించాడు. "మరియమెనె" అన్న అరుదైన పేరే అక్కడ లేదనీ, "మరియమె, మార" అని ఇద్దరు స్త్రీల పేర్లు రెండు వేర్వేరు చేతులతో రాసి ఉన్నాయనీ అన్నాడు. మార అంటే మార్తకు ముద్దుపేరు. ఈ పఠనం సరైనదైతే ఆ పెట్టెలో ఒక మరియ, ఒక మార్త ఉన్నారు. ఇద్దరివీ అప్పటి ఊళ్లలో తరచుగా వినిపించే పేర్లే.

ఇక్కడే గణాంకం వస్తుంది. సినిమాలో అత్యంత బలంగా కనిపించినదీ, పత్రికలన్నీ ఎత్తుకున్నదీ ఇదే: ఈ సమాధి యేసు కుటుంబానిది కాకపోయే అవకాశం 600లో ఒకటట. లెక్క వేసినవాడు టొరంటో విశ్వవిద్యాలయంలో గణాంక శాస్త్రవేత్త ఆండ్రే ఫ్యూయర్‌వెర్గర్. ఆయన పద్ధతి దాచలేదు కాబట్టి మనమూ వేసి చూడవచ్చు. యోసేపు కొడుకు యేసు 190 మందిలో ఒకడు. "మరియమెనె" 160లో ఒకతె. యోసే 20లో ఒకడు. మరియ నలుగురిలో ఒకతె, అంటే ఆనాటి స్త్రీలలో నాలుగోవంతు మందికి ఆ పేరే. నాలుగూ గుణిస్తే దాదాపు 24 లక్షల్లో ఒకటి వస్తుంది. చారిత్రక ఆధారాల్లో లోటుపాట్లకు నాలుగుతో భాగించారు. జెరూసలేం చుట్టూ ఆ కాలపు సమాధులు వెయ్యి ఉంటాయని వెయ్యితో భాగించారు. 600 వచ్చింది.

ఇప్పుడు ఫాన్ పఠనం తీసుకోండి. అరుదైన "మరియమెనె" పోయి మామూలు మరియ వస్తుంది. 160 స్థానంలో 4 పెట్టండి. చివర మిగిలేది 600 కాదు, 15. యోసే అంటే యోసేపు అన్న పేరుకే పొట్టి రూపం. ఆ పెట్టె, మరియ పెట్టె ఒకే తీరుగా ఉన్నాయనీ, వాళ్లిద్దరూ ఈ యేసు తల్లిదండ్రులే కావచ్చుననీ రహమాని ఎప్పుడో సూచించాడు. అదే నిజమైతే యోసేపు పేరును ఒకసారి తండ్రిగా, మరోసారి తమ్ముడిగా రెండుసార్లు లెక్కపెట్టినట్టు. ఆ 15 కూడా అక్కడ నిలవదు. పైగా లెక్కలోకి రాని పేర్లున్నాయి. మత్తయి అనే మనిషి యేసు ఇంట్లో ఉన్నాడని సువార్తల్లో లేదు. యేసుకు యూదా అనే కొడుకున్నాడని ఏ ప్రాచీన గ్రంథమూ చెప్పదు. ఈ రెండూ అనుకూలమూ కాదు, ప్రతికూలమూ కాదు అని పక్కన పెట్టారు. ఒక కొడుకు ఉన్నాడనడం పక్కన పెట్టదగ్గ సంగతి ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

"యేసు" పేరున్న పెట్టె మీద గీతలు ఎంత గజిబిజిగా ఉన్నాయంటే రహమాని ఆ పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. "యూదా, యేసు కుమారుడు" అన్న రెండో పెట్టె ఉండబట్టే మొదటి పెట్టె మీద ఉన్నది యేసు పేరు అని చదవగలిగారు. అంటే లెక్కలోకి తీసుకోని కొడుకే తండ్రి పేరుకు సాక్షి.

మన ఊళ్లో ఒక శ్మశానంలో ఇంటిపేరు లేకుండా తండ్రి సుబ్బారావు, కొడుకు శ్రీనివాసరావు, ఆ ఇంట్లో ఒక లక్ష్మి అని మూడు పలకలు దొరికితే, ఫలానా సుబ్బారావుగారి కుటుంబమే ఇది అని ఎవరూ పందెం కట్టరు. ఊళ్లో అలాంటి ఇళ్లు ఎన్నుంటాయో అందరికీ తెలుసు. అప్పటి యూదయ పేర్లను సేకరించిన తల్ ఇలాన్ నిఘంటువు చూస్తే అక్కడా అదే పరిస్థితి. సీమోను, యోసేపు, యూదా, మరియ, సలోమె లాంటి కొద్దిపాటి పేర్లనే తరతరాలుగా మళ్లీ మళ్లీ పెట్టుకున్నారు. ఫ్యూయర్‌వెర్గర్ కూడా ప్రసారం తర్వాత వివరణ ఇచ్చాడు. ఆ 600 అన్నది ఇది యేసు సమాధి అవడానికున్న సంభావ్యత కాదు, తాను తీసుకున్న ఊహలన్నీ నిజమైతే ఇలాంటి పేర్ల గుంపు యాదృచ్ఛికంగా తటస్థపడే అవకాశం ఎంతో చెప్పే సంఖ్య అని. 2008లో తన పత్రాన్ని విమర్శకుల వ్యాఖ్యలతో సహా 'అన్నల్స్ ఆఫ్ అప్లైడ్ స్టాటిస్టిక్స్'లో ప్రచురించాడు. పద్ధతినంతా బయటపెట్టి తోటివాళ్ల విమర్శకు నిలబడిన మనిషిగా ఆయన మీద నాకు గౌరవం. సినిమాలో వినిపించిన వాక్యానికి, ఆ పత్రంలోని వాక్యానికి మధ్య దూరం మాత్రం చాలా ఉంది.

ఇంకో సంగతి ఉంది. నాకు అన్నిటికంటే బలంగా తోచిన వాదన అదే. పురావస్తు శాస్త్రవేత్త జోడీ మాగ్నెస్ దాన్ని ముందుకు తెచ్చింది. రాతిని తొలిచి కుటుంబ సమాధి చేయించుకోవడం, అస్థిపేటికలు కొనడం జెరూసలేం సంపన్నుల పని. పేదలను నేలలో గుంట తీసి పూడ్చేవాళ్లు. యేసు గలిలయలోని నజరేతువాడు, వడ్రంగి ఇంటివాడు. శుక్రవారం సాయంత్రం ఆ దేహానికి రాతి సమాధి దొరికిందంటే, అరిమతయియ యోసేపు అనే ధనవంతుడు తన సమాధిని ఇచ్చాడు కాబట్టే అని సువార్తలే చెబుతాయి. యూదయకు బయటి నుంచి వచ్చి జెరూసలేంలో చనిపోయినవాళ్ల పేటికల మీద సాధారణంగా ఊరి పేరు ఉంటుంది. తల్పియోట్ పెట్టెల మీద నజరేతు అన్న మాట లేదు. యోసేపు కుమారుడు అన్నంత మాత్రాన ఊరి మనిషిని గుర్తించవచ్చని రాసుకున్నవాళ్లు ఆ ఊరివాళ్లే అయి ఉండాలి. తవ్వకాల్లో పాల్గొన్న క్లోనర్ కూడా ఇదే మాట అన్నాడు: ఇది జెరూసలేం మధ్యతరగతి కుటుంబపు సమాధి, యేసు కుటుంబానికి అక్కడ సమాధి ఉండే అవకాశమే లేదు, టీవీ కోసం మంచి కథ అంతే.

మనకు ఇక్కడ పోలిక కోసం ఒక మంచి ఉదాహరణ ఉంది. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపం గర్భంలో రాతి ధాతుకరండాలు బయటికి తీశాడు. వాటి మీద దాతల పేర్లున్నాయి. ఆ కరండం బుద్ధుని శరీరధాతువులు ఉంచడానికేనని శాసనమే చెబుతోంది. ఎవరు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు, ఎవరి అస్థికలు అన్నవి అక్కడే రాసి ఉన్నాయి. ఆ ధాతువులు నిజంగా బుద్ధునివేనా అన్నది వేరే ప్రశ్న. కానీ ఆనాటి జనం ఏమి నమ్మారో దానిలో సందేహం లేదు. తల్పియోట్‌లో అలాంటి మాట ఒక్కటీ లేదు. క్రీస్తు అని లేదు, నజరేయుడని లేదు, ప్రభువని లేదు. తొలి క్రైస్తవులు ఆ చోటికి యాత్ర చేసిన జాడ కూడా లేదు. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కాలంలో, నాలుగో శతాబ్దంలో, క్రైస్తవులు యేసు సమాధి అని చూపింది తల్పియోట్‌కు ఉత్తరాన, నేటి పవిత్ర సమాధి చర్చి ఉన్న చోటును. 2016లో అక్కడి పాలరాతి పలకను తెరిచి కింది గారకు కాలనిర్ణయం చేస్తే, నాలుగో శతాబ్ద మధ్యభాగం అని తేలింది. అది యేసు సమాధే అని రుజువు కాదు. ఆ చోటు మీద నమ్మకం అంత పాతదని మాత్రం రుజువు.

2007 నాటికి జనం ఇలాంటి కథ వినడానికి సిద్ధంగా ఉన్నారన్నది కూడా గుర్తుంచుకోవాలి. డాన్ బ్రౌన్ నవల 'ద డావిన్చీ కోడ్' 2003లో వచ్చింది. యేసుకు మగ్దలేనేతో పెళ్లయిందన్న ఊహ దానితోనే ఇంటింటికీ చేరింది. 2006లో సినిమా వచ్చినప్పుడు అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాని ప్రదర్శనను నిషేధించింది. హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. నిషేధం సరికాదని నేను గట్టిగా నమ్ముతాను. ఒక కల్పన మీద నిషేధం పెడితే జనం దాన్ని దాచిన నిజం అనుకుంటారు. మరుసటి ఏడాది తల్పియోట్ చిత్రం సరిగ్గా ఆ భావన మీదే ఆడుకుంది: పండితులకు తెలుసు, కానీ చెప్పలేదు అన్న సూచన మీద.

2008 జనవరిలో ప్రిన్స్‌టన్ థియలాజికల్ సెమినరీకి చెందిన జేమ్స్ చార్లెస్‌వర్త్ జెరూసలేంలో పండితుల సదస్సు జరిపాడు. అక్కడ గాత్ భార్య ఆయన తరఫున సత్కారం అందుకుంటూ, తన భర్త అది యేసు సమాధే అనుకున్నాడనీ, చెబితే యూదుల మీద ద్వేషం రగులుతుందేమోనని భయపడ్డాడనీ అంది. మర్నాటి పత్రికల్లో పండితులు ఒప్పుకున్నారన్నట్టు శీర్షికలు వచ్చాయి. సదస్సులో పాల్గొన్న చాలామంది, తమ అభిప్రాయాలను పత్రికలు తిరగేశాయని అభ్యంతరం చెబుతూ ప్రకటనపై సంతకాలు చేశారు. యూరప్‌లో నరసంహారం నుంచి బతికి బయటపడిన ఒక తరానికి అలాంటి భయం ఉండటం సహజమే. కానీ ఒక వ్యక్తికి కలిగిన అనుమానాన్ని సమాధి గోడల మీది ఆధారంగా వాడుకోవడం ఆ మనిషికి కూడా అన్యాయమే.

అసలు నష్టం 1980లోనే జరిగిపోయింది. పేలుడుతో ముఖద్వారం ముందున్న ప్రాంగణం పోయింది. హడావుడిలో మట్టి పొరల వివరాలు పోయాయి. ఏ పెట్టెలో ఎందరి ఎముకలో ఎవరూ విడదీసి చూడలేదు. వయసులు, స్త్రీపురుష భేదం, ఎవరికి ఏ జబ్బు ఉందో తెలిపే ఆనవాళ్లు అన్నీ ఎముకలతో పాటే తిరిగి మట్టిలో కలిశాయి. ఆనాడు వాటిని సావధానంగా పరిశీలించి ఉంటే, 2007లో రెండు పెట్టెల పొడి మీద ఇంత కథ అల్లే అవకాశమే ఉండేది కాదు. రెండువేల ఏళ్ల క్రితం జెరూసలేం శివార్లలో బతికిన ఒక యూదు కుటుంబం అక్కడ ఉంది. కొడుకుకు యూదా అని పేరు పెట్టిన యేసు అనే తండ్రి ఉన్నాడు. గ్రీకులో పేరు రాయించుకున్న స్త్రీ లేదా స్త్రీలు ఉన్నారు. అంటే ఆ ఇంట్లో రెండు లిపులు తెలిసినవాళ్లున్నారు. వాళ్ల పెట్టెల్లో ఒకటి పువ్వులు చెక్కిన ఖరీదైనది, మరొకటి నగిషీ లేని నునుపు రాయి. ఈ కుటుంబం తనకు తానుగా తెలుసుకోదగినది. మరొక ప్రసిద్ధ కుటుంబంతో సరిపోతుందా అన్న ప్రశ్న తప్ప ఇంకో ప్రశ్న వాళ్ల గురించి ఎవరూ అడగలేదు.

జాకోబోవిచ్ ఆగలేదు. ఆ సమాధికి కూతవేటు దూరంలో, అపార్టుమెంటు కింద, 1981లో క్లోనర్ కొద్దిసేపు చూసి మతవర్గాల నిరసన వల్ల వదిలేయాల్సి వచ్చిన మరో సమాధి ఉంది. 2010లో ఆయన, నార్త్ కరోలినా ఆచార్యుడు జేమ్స్ టేబర్ కలిసి నేలకు రంధ్రం వేసి అందులోకి రోబోటిక్ చేయికి కట్టిన కెమెరా దింపారు. ఒక పేటిక మీద బొమ్మను యోనాను మింగిన చేపగా చదివారు, పునరుత్థానానికి తొలి గుర్తు అన్నారు. మిగతా పండితుల్లో చాలామందికి అది నిలువుగా పెట్టిన కూజాలానో, సమాధి స్తంభంలానో కనిపించింది. అస్థికలను కదపకుండా చూసే ఆ పద్ధతి మాత్రం మెచ్చుకోదగ్గదే.

ఇక పదో పెట్టె. గాత్ తీసిన పది పెట్టెల్లో నగిషీ లేని ఒకటి గోదాములో భద్రపరచలేదు. అది విరిగిన సాదా పెట్టె అని క్లోనర్ అంటాడు. సినిమా మాత్రం అదే 2002లో ఒక్కసారిగా వెలుగు చూసిన "యాకోబు, యోసేపు కుమారుడు, యేసు సోదరుడు" అనే పేటిక కావచ్చునంది. ఆ పేటిక యజమాని ఓదెడ్ గోలన్ దగ్గర దాని పాత ఫొటో ఒకటుంది. ఆ ఫొటో కాగితం 1970ల నాటిదని కోర్టులో సాక్ష్యం వచ్చింది. ఆ సాక్ష్యం నిలిస్తే, 1980లో భూమిలోంచి వచ్చిన పెట్టె ఆ ఫొటోలో ఉండే వీలు లేదు. గోలన్ మీద 2004 డిసెంబరులో దొంగరాత అభియోగం మోపారు. భూగర్భ శాస్త్రవేత్తలు, లిపి పండితులు ఏళ్ల తరబడి బోనులో నిలబడ్డ ఆ విచారణ, 2012 మార్చిలో వచ్చిన తీర్పు వచ్చే భాగంలో.